అడగక్కర్లేని దారి

ఇంకొకరి నేల మీదుగా దాటిపోవాల్సి వస్తే అడిగి వెళ్ళాలా, అడగకుండా వెళ్ళొచ్చా? వినడానికి చిన్న మర్యాద ప్రశ్నలా ఉంటుంది. మన ఇళ్ళల్లో పిల్లలకి నేర్పే జవాబు కూడా ఒకటే: అడిగి వెళ్ళు నాయనా, అడిగితే పోయేదేముంది? నాలుగు నెలలుగా నూజివీడు మామిడి తోటల మధ్య ఒక సైకిలు దారి గీస్తూ కూర్చున్నాక, అడిగితే పోయేది ఒకటుందని నాకనిపిస్తోంది. అదేమిటో, అది పోతే ఎవరికి నష్టమో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందు దారి సంగతి. నా స్నేహితుడొకడు గ్లాస్గోలో ఉంటాడు. ఇంజనీరింగు కలిసి చదువుకున్నాం. కిందటి సెప్టెంబరులో ఇద్దరు మిత్రులతో కలిసి జూరా అనే దీవిలో మూడు రోజులు మౌంటెన్ బైకు తొక్కి వచ్చాడు. వెళ్ళేముందు వేసుకున్న ప్లాను నాకూ పంపాడు. ఈ ఫిబ్రవరిలో ఊరొస్తున్నాడు. "తారు రోడ్డు ముట్టకుండా తోటల్లోనే ఒక రోజంతా తిరుగుదాం, దారి నువ్వు గియ్యి" అన్నాడు. సరే అన్నాను. వాడి ప్లాను పక్కన పెట్టుకుని నాది మొదలుపెట్టాను. రెండు కాగితాలూ పక్కపక్కన చూస్తుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

జూరా స్కాట్లాండు పడమటి తీరంలో ఉంది. 367 చదరపు కిలోమీటర్ల దీవి. మనుషులు రెండు వందల పైచిలుకు, ఎర్ర జింకలు మాత్రం వేలల్లో. పక్కనున్న ఐలా దీవి నుంచి చిన్న ఫెర్రీలో దాటాలి. రోడ్డు ఒకటే, తూర్పు తీరం వెంబడి. ఆ రోడ్డు అయిపోయాక రాళ్ళ బాట. దాని మీద ఇంకా పోతే బార్న్‌హిల్ అనే ఇల్లు వస్తుంది, జార్జ్ ఆర్వెల్ '1984' నవల రాసింది అక్కడే. పడమటి తీరానికి దారంటూ లేదు, బురదా బండలే. వాడి ప్లానులో ఉన్నవన్నీ ఈ నేలకీ నీళ్ళకీ సంబంధించినవి. ఫెర్రీ వేళలు, ఏ వాగు ఎంత వానకి పొంగుతుంది, గాలి ఎటు నుంచి, ఫోను సిగ్నలు ఎక్కడ పోతుంది, చెయిన్ తెగితే లింకు ఎవరి సంచిలో ఉంది, నుసుముల్లాంటి మిడ్జెస్ అనే పురుగులు ముసిరితే ముఖానికి వల, ఫలానా చోటికి మధ్యాహ్నం రెండింటికల్లా చేరకపోతే వెనక్కి తిరగడం. ఎవరి భూమి, ఎవర్ని అడగాలి అన్న గడి మాత్రం ఎక్కడా లేదు.

ఫోన్లో అదే అడిగాను. ఆ దీవి కొద్ది ఎస్టేట్ల చేతిలో ఉందంటావు గదా, వాళ్ళు ఊరుకుంటారా అని. "ఊరుకోవడమేంట్రా, మాకు హక్కుంది" అన్నాడు.

నిజంగానే ఉంది. స్కాట్లాండు పార్లమెంటు 2003లో భూసంస్కరణల చట్టం ఒకటి చేసింది. 2005 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం నడిచేవాళ్ళూ సైకిలు మీద వెళ్ళేవాళ్ళూ గుర్రాల మీద వెళ్ళేవాళ్ళూ దాదాపు ఏ నేల మీదనైనా, అది ఎవరిదైనా సరే, బాధ్యతగా దాటిపోవచ్చు. ఇంటి పెరట్లోకి పోకూడదు. మోటారు బండి తొక్కకూడదు. పైరున్న చేలో దిగకూడదు, కానీ చేని అంచున నడవచ్చు. మన భాషలో చెప్పాలంటే గట్టు అందరిదీ. జింకల వేట సాగే నెలల్లో ఇవాళ ఏ కొండ మీద తుపాకీ పేలుతుందో కనుక్కుని పక్కకి తప్పుకోవాలి. అక్కడ కూడా వాళ్ళు కనుక్కుంటారు తప్ప, అనుమతి అడగరు.

ఈ హక్కు ఎవరో ప్రభువు మనసు కరిగి ఇచ్చింది కాదు. కొండల మీద తిరిగే హక్కు కోసం జేమ్స్ బ్రైస్ అనే సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో బిల్లు పెట్టింది 1884లో. అది నెగ్గలేదు. చట్టం రావడానికి ఇంకో 119 ఏళ్ళు పట్టింది. ఈలోగా 1932లో ఇంగ్లండులో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కార్మికులు కావాలనే అనుమతి లేకుండా ఎక్కారు, కొందరు జైలుకీ వెళ్ళారు. ఆదివారం పూట కొండెక్కడానికి జైలుకెళ్ళడమా అని నవ్వొచ్చు. వాళ్ళు తేల్చుకోదలచింది ఆదివారం సంగతి కాదు. దాటిపోవడానికి మనిషి ఎదుటి మనిషి ముందు నిలబడి వేడుకోవాలా అన్న సంగతి.

ఇక నా కాగితం. నూజివీడు చుట్టూ, అంటే ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట దాకా పరుచుకున్నది ఎర్రమట్టి మెట్ట నేల. ఒకప్పుడంతా కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి కొంత ఏలూరు జిల్లా, కొంత ఎన్టీఆర్ జిల్లా. మామిడి చెట్టుకి ఆ సరిహద్దు తెలియదు. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, ఇక్కడి జనం కలెక్టరు కాయ అనే తోతాపురి. ఉపగ్రహ పటంలో చూస్తే పచ్చటి చుక్కల వరసలు, వాటి మధ్య ఎర్రటి గీతలు. సైకిలుకి ఇంతకంటే మంచి నేల ఉండదు అనిపిస్తుంది. కానీ ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టిన ప్రతిసారీ మనిషి పేరొకటి రాసుకోవాల్సి వచ్చింది.

తోట ఎవరిది, ఈ ఏడు కాపు ఎవరు కొన్నారు? ఇక్కడ చాలా తోటల్లో రైతు కాయ కోయడు. పూతలోనో పిందెలోనో చూసి వ్యాపారి తోటంతా ఒక మొత్తానికి మాట్లాడుకుంటాడు. అప్పట్నుంచి కోత అయ్యేదాకా కాపలా ఖర్చు, గాలివాన భయం అతనివి. మే నెల్లో ఒక రాత్రి గాలికి సగం కాయ రాలిపోతే మునిగేది అతనే. కాబట్టి గట్టు మీద కొత్త మనిషి కనబడితే కాపలావాడు కేకెయ్యడంలో తప్పులేదు. ఫిబ్రవరిలో పూత మీదో పిందె మీదో ఉంటాయి తోటలు. కాయ దొంగతనం భయం లేదు గానీ మందు కొడుతుంటారు, ఆ గాలి పీలుస్తూ తొక్కకూడదు. డ్రిప్పు పైపులు నేల మీదే పరిచి ఉంటాయి, టైరెక్కితే పగులుతాయి. అడవి పందుల కోసం కొన్ని చోట్ల కరెంటు తీగలు కడతారు, అది నేరమని తెలిసీ కడతారు. అందుకని చీకటి పడేలోగా తోటల్లోంచి బయటపడాలి. సర్కారు తుమ్మ ముళ్ళకి మామూలు ట్యూబు పనికిరాదు, లోపల జిగురు పోసిన టైరుండాలి. కొమ్మలు నడుమెత్తుకి వంగి ఉంటాయి, తల వంచి తొక్కడం రావాలి. కుక్కల సంగతి సరేసరి.

జూరాలో వాన ఎంత ముఖ్యమో ఇక్కడ మనుషులు అంత ముఖ్యం. నాలుగు నెలల్లో ఇరవై రెండు మందితో మాట్లాడాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. సగం మంది మజ్జిగిచ్చారు.

దీన్నిబట్టి మన పద్ధతే మేలు కదా అని ఎవరైనా అనొచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. చట్టం చేతబట్టుకుని ఎవరి ముఖమూ చూడకుండా దాటిపోయేదానికంటే, అరుగు మీద కూర్చుని మంచీచెడూ మాట్లాడి వెళ్ళడంలో మనిషితనం ఎక్కువ. పైగా ఆ దీవుల స్వేచ్ఛ వెనక ఇంకో కథ ఉంది. స్కాట్లాండు కొండసీమల్లోంచీ దీవుల్లోంచీ పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో వేలాది రైతు కుటుంబాల్ని వెళ్ళగొట్టి ఆ నేలని గొర్రెలకీ తర్వాత జింకల వేటకీ వదిలారు. జూరాలోనూ ఒకప్పుడు వెయ్యికి పైగా జనం ఉండేవాళ్ళు. అడగడానికి మనిషి లేని చోట అడగకుండా పోవడం గొప్పేమీ కాదు. మనం 'మారుమూల' అని మురిసిపోయే చోటు చాలాసార్లు ఎవరో ఖాళీ చేయించిన చోటే. నూజివీడు తోటల్లో ప్రతి గట్టుకీ ఒక మనిషున్నాడు. కాబట్టి అడుగుదాం. ఇదీ నా వాదన.

ఆ వాదన ఒక గేటు దగ్గర ఆగిపోయింది.

దాని గురించి చెప్పాలంటే డొంక గురించి చెప్పాలి. గోదావరి వైపు పుంత అంటారు, మా వైపు డొంక. రెండు పక్కలా కంచెలూ పొదలూ, మధ్యలో ఎడ్లబండి పట్టే దారి. పొదకీ డొంకే, పొదల మధ్య దారికీ డొంకే. సూటిగా ఉండదు కనకనే డొంకతిరుగుడు అన్న మాట పుట్టింది. జమీందారీ రోజుల నుంచీ ఊరి పశువులు చెరువుకి పోయిందీ, పెళ్ళి బళ్ళు పొరుగూరికి పోయిందీ, శవం ఊరు దాటిందీ వీటి మీదే. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయి రైతుకి పట్టా వచ్చినా డొంక ఎవరి పట్టాలోనూ కలవలేదు. సర్వే లెక్కల్లో అది పోరంబోకు. అంటే ఎవరిదీ కాదు, కనక అందరిదీ. నేను గీసిన నలభై కిలోమీటర్ల దారిలో ముప్పావు వంతు డొంకలే. వాటి మీద ఎవర్నీ అడగక్కర్లేదు. అయినా అడిగాను, అలవాటు కొద్దీ.

నూజివీడుకి పడమటి వైపు ఒక ఊళ్ళో డొంక ఒక తోట అంచున సాగి చెరువు కట్ట ఎక్కుతుంది. పటంలో చూస్తే నా దారికి అదే ముడి. అక్కడ కలవకపోతే రెండు ముక్కలవుతుంది. వెళ్ళి చూస్తే డొంక మొదట్లో ఇనప గేటుంది, తాళం వేసుంది. ఆ పన్నెండెకరాల తోటాయన మా నాన్నగారికి తెలిసినాయన. డెబ్బై దాటాయి. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, గేటెందుకు పెట్టాడో తనే చెప్పాడు. బోరు మోటారు కేబులు మూడుసార్లు కోసుకుపోయారట, రాగి కోసం. పోయినప్పుడల్లా వేలు ఖర్చు, పది రోజులు నీళ్ళు బందు. "ఎవడు మంచోడో ఎవడు దొంగో ఎట్టా తెలుస్తుందిరా?" అన్నాడు. అబద్ధం కాదు. అంతా విని లేవబోతుంటే లోపల్నుంచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు. "నువ్వైతే పర్లేదురా అబ్బాయ్. మనోడివేగా. నీ స్నేహితుణ్ణీ తీసుకురా, మామిడి పూత చూసెళతాడు."

వచ్చేవారం తీసుకుంటానని చెప్పి బయటికొచ్చాను. గేటు పక్కనుంచి కంచె వెంబడి సన్నటి కాలిబాట కనిపించింది. దాన్నే పట్టుకుని పోతే తోట మొత్తం చుట్టి, ఒక వాగు దిగి ఎక్కి, రెండు కిలోమీటర్ల తర్వాత అదే చెరువు కట్ట చేరింది. గేటు లోంచి అయితే నాలుగు వందల మీటర్లు. ఆ చుట్టుదారిలో ఎదురయ్యారు ముగ్గురు ఆడవాళ్ళు, నెత్తిన గడ్డిమోపులతో. ఊరికి ఆ చివర ఎస్సీ కాలనీ వాళ్ళు. డొంక లోంచి వెళ్ళడం లేదేమమ్మా అంటే పెద్దామె నవ్వింది.

"గేటు పెట్టి ఐదేళ్ళయింది బాబూ. ఇట్టా అలవాటైపోయింది."

"తాళం అడగొచ్చు గదా?"

"మీరడిగితే ఇస్తాడు. మేమడిగితే ఎందుకూ అంటాడు."

నా మొత్తం వాదనకి ఆమె రెండు ముక్కల్లో జవాబు చెప్పింది. అడగడం అన్నది అందరికీ ఒకటే పని కాదు. నేను అడిగినప్పుడు అది మర్యాద. ఆమె అడిగినప్పుడు అది విచారణ. మా ఇరవై రెండు సంభాషణల్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరి తాలూకు?" నేను మా ఇంటిపేరు చెప్పగానే మిగతా ప్రశ్నలు ఆగిపోయేవి, మజ్జిగ వచ్చేది. నా ఇంటిపేరు, నా భాష, నా హెల్మెట్టు, యాభై వేల సైకిలు, ఇవన్నీ కలిసి ఒక తాళంచెవి. అది నా జేబులో పుట్టినప్పట్నుంచీ ఉంది. ఇనప తాళంచెవి దానికి నకలు మాత్రమే. నేను మనిషితనం అనుకున్నదాంట్లో ఎంత భాగం ఇంటిపేరుదో లెక్క తేల్చడం కష్టం.

హక్కుకీ అనుమతికీ ఉన్న అసలు తేడా ఇక్కడుందనుకుంటాను. అనుమతి ముఖం చూస్తుంది. ముఖం చూడకుండా ఇచ్చే అనుమతంటూ ఉండదు, అలా ఇస్తే అది హక్కే అవుతుంది. ఇచ్చేవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. తోటాయన మంచివాడే, నా పట్ల ప్రేమగలవాడే. ఆ ప్రేమలో 'నువ్వైతే' అన్న మాట ఉంది. 'నువ్వైతే పర్లేదు' అన్నప్పుడల్లా, చెప్పకుండానే, పర్లేనివాళ్ళ జాబితా ఒకటి తయారవుతుంది.

1795లో కాంట్ శాశ్వత శాంతి గురించి రాసిన చిన్న గ్రంథంలో ఆతిథ్యం ప్రస్తావన వస్తుంది. కొత్త చోట అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకుండా ఉండటం దయ కాదు, ఆ మనిషి హక్కు అంటాడు. కారణం కూడా చక్కగా చెబుతాడు. భూమి గుండ్రం, దాని మీద చోటు పరిమితం, ఎంత దూరం పోయినా మళ్ళీ ఒకరికొకరు తగలక తప్పదు, కాబట్టి దాటిపోయేవాణ్ణి సహించక తప్పదు. అయితే అతిథిగా ఇంట్లో ఉండిపోయే హక్కు లేదంటాడు, వచ్చిపోయే హక్కు మటుకే. మజ్జిగ ఇవ్వడం తోటాయన ఇష్టం. దారి ఇవ్వడం ఆయన ఇష్టం కాకూడదు. ఈ రెండూ ఒకే గడపలో దొరకడం వల్ల మనం రెండింటినీ కలిపి మంచితనం అంటాం.

మన చట్టంలో ఇంకో విచిత్రం ఉంది. డొంక కాకుండా పట్టా భూమిలోంచి పోయే కాలిబాటల సంగతి తీసుకోండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, ఒక దారిలో గొడవ లేకుండా, బహిరంగంగా, ఆటంకం లేకుండా, 'హక్కుగా' 20 ఏళ్ళు నడిస్తే అది నిజంగానే హక్కవుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్ళు. ఆ 'హక్కుగా' అన్న మాటలో ఉంది మెలిక. యజమాని అనుమతితో నడిచావంటే అది హక్కుగా నడిచినట్టు కాదు. ఇరవై ఏళ్ళు కాదు, నలభై ఏళ్ళు అడిగి నడిచినా నీకేమీ రాదు. ప్రతి ఉదయం వినయంగా అడిగినవాడు ఏ ఉదయమైనా కాదనిపించుకోవచ్చు. అడిగితే పోయేదేముంది అన్న ప్రశ్నకి 1882లోనే జవాబు రాసి పెట్టారన్నమాట. అడిగితే, అడగక్కర్లేకుండా పోయే అవకాశం పోతుంది.

డొంకకి ఈ లెక్క అక్కర్లేదు, అది ముందే అందరిదీ. కానీ నీతి అదే. డొంక మీద పెట్టిన గేటుకి తాళంచెవి అడిగి తీసుకున్నానంటే, ఇది డొంక కాదు, మీ తోటలో దారి అని నేను ఒప్పుకున్నట్టే. నా మర్యాద ఆయన తాళానికి సాక్ష్యం అవుతుంది. ఐదేళ్ళుగా ఆ ముగ్గురాడవాళ్ళు నెత్తి మీద మోపుతో మోస్తున్న ఒకటింబావు మైలు చుట్టుదారిని, నేను ఒక్క ఉదయపు సరదా కోసం న్యాయమైనదిగా మార్చేస్తాను.

దారి అంటే ఈ దేశంలో చిన్న సంగతి ఎప్పుడూ కాదు. 1924లో కేరళలోని వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడిలోకి వెళ్ళడానికి కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఇరవై నెలలు సాగింది. చివరికి మూడు వైపుల రోడ్లు తెరిచారు, తూర్పు వైపుది తెరవలేదు. దాటిపోనివ్వడం గురించి అంత పోరాటం జరిగిన దేశంలో రాజ్యాంగం 15వ అధికరణంలో బావులూ చెరువులతో పాటు రోడ్లని పేరు పెట్టి రాసుకోవాల్సి వచ్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో కూడా ఆచారంగా వస్తున్న దారిహక్కుని దళితులకీ గిరిజనులకీ కాదనడం నేరమని విడిగా రాశారు. ఇన్ని రాసుకున్నా మన ఊళ్ళల్లో శవాన్ని మోసుకుని శ్మశానానికి వెళ్ళే దారి కోసం ఇప్పటికీ తగాదాలు అవుతూనే ఉన్నాయి. భుజం మీద శవం ఉండగా ఎవరి తాలూకు అని అడిగించుకోవడం ఎలా ఉంటుందో నా ఇంటిపేరుకి తెలియదు.

అయితే స్కాట్లాండు చట్టాన్ని తెచ్చి నూజివీడులో పెట్టేద్దామా? నేను అలా అనలేను. అక్కడ వేల ఎకరాల ఎస్టేటు మీద ఇద్దరు సైకిలు తొక్కితే యజమానికి పోయేది ఏమీ లేదు. ఇక్కడ నాలుగెకరాల కౌలు రైతు తోటలో నలుగురు తొక్కితే డ్రిప్పు లైను పోతుంది, ఆ పైపుకి అప్పు ఇంకా తీరి ఉండదు. హక్కు అనేది బలవంతుడి నేల మీద బలహీనుడికి ఉన్నప్పుడు న్యాయంలా కనిపిస్తుంది. అదే హక్కుతో నాలాంటివాడు చిన్న రైతు గట్టు తొక్కితే అది ఇంకో రకం జమీందారీ. అందుకని నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. అవసరం కోసం నడిచేవాళ్ళకి, అంటే చెరువుకి, పనికి, బడికి, కాటికి పోయేవాళ్ళకి దారి హక్కుగా ఉండాలి, వాళ్ళని ఎవరూ అడిగించుకోకూడదు. సరదా కోసం తిరిగేవాళ్ళం పట్టా భూమిలోకి పోదలిస్తే అడగాలి, కాదంటే నవ్వుతూ తిరిగి రావాలి. డొంక మీద మాత్రం ఎవరమూ అడగకూడదు. అక్కడ అడగడం వినయంలా కనబడుతుంది గానీ, నాకంటే తక్కువ తాళంచెవులున్నవాళ్ళకి అది అపకారం.

ఇదంతా చెబితే మావాడు ఒప్పుకోలేదు. "నువ్వు తాళం తీసుకోనంతమాత్రాన గేటు ఊడుతుందా? ఆయనకి తెలియను కూడా తెలియదు నువ్వెందుకు తీసుకోలేదో. నీ మనసు శుభ్రంగా ఉంచుకోవడం తప్ప ఆ ఆడవాళ్ళకి ఏం ఒరిగింది?" అన్నాడు. ఈ ప్రశ్న గట్టిది. ఊరికే వద్దనుకోవడం చాలాసార్లు సోకు మాత్రమే. దూరంగా నిలబడ్డవాడి చేతులకి మట్టి అంటదు, గేటుకి తుప్పూ పట్టదు.

అందుకని రెండు పనులు చేశాను. గ్రామ సచివాలయంలో ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ నకలుకి దరఖాస్తు పెట్టి తీసుకున్నాను. అందులో డొంక ఉంది, వెడల్పుతో సహా. ఇప్పుడు రీసర్వేలు డ్రోన్లతో జరుగుతున్నాయి. డ్రోను కంచె ఎక్కడుందో చూస్తుంది, కంచె రాకముందు ఎవరు నడిచారో దానికి కనబడదు. అందుకే పాత నకలు దగ్గరుండటం అవసరం. ఆ నకలు కాగితం ఒకటి గడ్డిమోపుల పెద్దామె ఇంట్లో ఇచ్చాను. ఆమె మనవరాలు డిగ్రీ చదువుతోంది, చదివి వినిపించింది. దాంతో ఏం చెయ్యాలన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం. రేపు తగాదా వస్తే ఆ ఊళ్ళో ఉండేది వాళ్ళు, నేను కాదు. కూలికి పిలిచేదీ మానేసేదీ ఆ తోటాయనే. అర్జీ పెడితే సంతకం చేస్తానని మాత్రం చెప్పొచ్చాను.

రెండో పని కష్టమైంది. తోటాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి, తాళం వద్దని, ఎందుకు వద్దో చెప్పాను. కేబులు భయం నిజమేనని, మోటారు షెడ్డుకి వేరే కంచె వేసుకుంటే డొంక వదిలెయ్యొచ్చు గదా అనీ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడతాడనుకున్నాను, నొచ్చుకున్నాడు. "ప్రేమతో ఇస్తే వద్దంటావేరా" అన్నాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆయన ప్రేమ అబద్ధం కాదు. అది నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలుస్తోందని ఆయనకి తోచలేదు, అంతే. ఆ రోజు కాఫీ ఇచ్చారు గానీ గేటు దాకా సాగనంపలేదు.

ఈ వ్యాసం రాసేనాటికి గేటు అలాగే ఉంది. నా కాగితం మీద దారి పూర్తయింది. ఉదయం ఆరున్నరకి నూజివీడు దాటి, ఎండెక్కేలోగా మొదటి ఇరవై కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట పట్టా తోట ఉంది, ఆ రైతుని అడిగాను, సరేనన్నాడు, డ్రిప్పు పైపుల దగ్గర దిగి సైకిళ్ళు ఎత్తుకు పోతాం. గేటు దగ్గరికి తొమ్మిదింటికి చేరతాం. అక్కణ్ణుంచి కంచె వెంబడి సన్నటి బాట, వాగులోకి దిగుడు, మళ్ళీ ఎక్కుడు, రెండు కిలోమీటర్లు. వాగు దగ్గర ముళ్ళెక్కువ, సైకిలు భుజాన వేసుకోక తప్పదు. ఆ టైముకి గడ్డిమోపులు ఎదురొస్తాయి. బాట ఒక మనిషికే చాలినంత ఉంటుంది కాబట్టి పక్కకి తప్పుకోవాల్సింది మేమే అని మావాడికి ప్లానులో రాసి పంపాను.